డోంగ్‌గువాన్‌లో ఆరు నెలలు: ముందు వీసా సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. శ్రీసిటీ దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ప్రాసెస్ ఇంజనీర్‌ని. మాకు రాబోయే కొత్త లైన్ లాంటిదే చైనాలో డోంగ్‌గువాన్ ప్లాంట్‌లో నడుస్తోంది. మార్చి నుంచి ఆరు నెలలు అక్కడే ఉండి, ఆ లైన్‌లోనే షిఫ్టులు చేసి పని నేర్చుకుని రమ్మంటున్నారు. ప్రస్తుతానికి బిజినెస్ వీసా మీద వెళ్లమని, మూడు నెలలయ్యాక ఓసారి హాంకాంగ్ వెళ్లొస్తే సరిపోతుందని మా హెచ్‌ఆర్ అంటున్నారు. నేను గుడ్డు తింటాను కానీ మాంసం, చేప ముట్టను. పెళ్లయి ఏడాది. నా భార్య నెల్లూరులో స్కూల్ టీచర్. తను వద్దనడం లేదు, వెళ్లమనీ అనడం లేదు. మే నెలలో మా చెల్లి పెళ్లి ఉంది, దానికి రాకపోతే కుదరదు. అమ్మేమో "అక్కడ పాములు, కప్పలు తింటారట, నువ్వేం తింటావురా" అని ఒకటే గొడవ. వెళ్లనా, మాననా? (పేరు వద్దన్నారు, సూళ్లూరుపేట)

జవాబు: వెళ్లండి. కానీ మీ హెచ్‌ఆర్ చెప్పిన దారిలో వెళ్లకండి.

మీ ఉత్తరంలో తిండి గురించి ఎక్కువ రాశారు, వీసా గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు టెన్షన్ పడాల్సింది ఆ ఒక్క ముక్క గురించే. ఆ ప్రాంతంలో కొన్నాళ్లు పనిచేసిన వాడిగా చెబుతున్నాను, తిండి సంగతి మొదటి నెలలోనే ఒక కొలిక్కి వస్తుంది. వీసా తప్పుగా ఉంటే ఆరో నెలలోనైనా మెడకు చుట్టుకుంటుంది.

బిజినెస్ వీసా, అంటే చైనా వాళ్ల ఎం వీసా, వ్యాపారం పని మీద వచ్చి వెళ్లేవాళ్లకు ఇచ్చేది. మీటింగులు, సరుకు చూసుకోవడం, ఫ్యాక్టరీ చూడటం వంటివి దీని మీద చేయొచ్చు. కొన్న మెషీన్ బిగించడానికో, రిపేరుకో, దాని మీద ట్రైనింగ్‌కో 90 రోజులు దాటకుండా వచ్చిపోయే వాళ్లకు కూడా వెసులుబాటు ఉంది. మీ హెచ్‌ఆర్ బహుశా దాన్ని పట్టుకునే మాట్లాడుతూ ఉండొచ్చు. మీ సంగతి వేరు. ఆరు నెలలు, షిఫ్టులు, లైన్ మీద పని. దీన్ని ఉద్యోగం అనే అంటారు, దానికి జెడ్ వీసా కావాలి. మధ్యలో హాంకాంగ్ వెళ్లొచ్చినంత మాత్రాన ఉద్యోగం కాస్తా వ్యాపార యాత్ర అయిపోదు. పైగా వీసాల లెక్కలో హాంకాంగ్ వేరు, అక్కడికి వెళ్లడమంటే చైనా దాటినట్టే. చేతిలో ఉన్నది సింగిల్ ఎంట్రీ వీసా అయితే హాంకాంగ్‌లో అడుగుపెట్టగానే దాని పని అయిపోతుంది. తిరిగి డోంగ్‌గువాన్ రావాలంటే కొత్త వీసా తీసుకోవాల్సిందే.

పట్టుబడితే ఏమవుతుందో చెప్పాలి కదా. 2013 జూలైలో అమల్లోకి వచ్చిన వాళ్ల ఎగ్జిట్ ఎంట్రీ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పనిచేసిన విదేశీయుడికి 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. కేసు పెద్దదైతే దాంతో పాటు 5 నుంచి 15 రోజులు లోపల కూర్చోబెడతారు. ఒక యువాన్ మన 12, 13 రూపాయలు, లెక్క మీరే వేసుకోండి. పనిలో పెట్టుకున్న కంపెనీకి తలకు 10,000 చొప్పున లక్ష యువాన్ల దాకా పడుతుంది. కంపెనీ దాన్ని ఖర్చుల ఖాతాలో రాసుకుంటుంది. దేశం నుంచి పంపేస్తే ఆ మచ్చ మాత్రం మీ పాస్‌పోర్టుకే అంటుకుంటుంది, రేపు ఇంకో దేశం వీసా ఫారంలో ఆ ప్రశ్నకు జవాబు రాసుకోవాల్సింది కూడా మీరే.

కాబట్టి హెచ్‌ఆర్‌ను మాటల్లో కాకుండా ఈమెయిల్‌లో అడగండి: ఆహ్వాన పత్రంలో నా పని ఏమని రాస్తున్నారు, వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ ఎవరు తెప్పిస్తారు, చైనాలో పన్ను కట్టాల్సి వస్తే ఎవరు కడతారు. మొదటి రెండూ పద్ధతిగా జరిగే కంపెనీ అయితే ఎవరూ నొచ్చుకోరు. డోంగ్‌గువాన్ ప్లాంట్ వాళ్లు అక్కడి అధికారుల దగ్గర నోటిఫికేషన్ తీసుకుని పంపితే, దాన్ని పెట్టి మీరు ఇక్కడ జెడ్ వీసాకు దరఖాస్తు చేస్తారు. దీనికి డిగ్రీ అటెస్టేషన్, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ కావాలి. డిగ్రీ అటెస్టేషన్‌కు వారాలు పడుతుంది, యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ ఇంకా తీసుకోకపోతే ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. పన్ను ప్రశ్నకు కారణం ఉంది. 183 రోజులు అనే గీత అక్కడి పన్ను లెక్కల్లో చాలా చోట్ల కనిపిస్తుంది, ఆరు నెలలంటే సరిగ్గా ఆ గీత పక్కనే నిలబడటం. రిటర్న్ టికెట్ తేదీ వేసేముందు మీ కంపెనీ ఆడిటర్‌ని ఓ మాట అడగమనండి.

ఇక చెల్లి పెళ్లి. జెడ్ వీసా మీద దిగిన 30 రోజుల్లోపు అక్కడి పోలీసు శాఖ ఎంట్రీ ఎగ్జిట్ ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. అప్పుడు పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉండిపోతుంది, రసీదు ఇస్తారు. పని దినాల్లో లెక్క కాబట్టి మూడు వారాలైనా పట్టొచ్చు. ఆ రసీదుతో చైనా లోపల రైలెక్కొచ్చు కానీ దేశం దాటలేరు. మార్చి మొదట్లో దిగి వెంటనే దరఖాస్తు పెడితే ఏప్రిల్ మధ్యకల్లా పర్మిట్ అంటించిన పాస్‌పోర్టు చేతికొస్తుంది, దాని గడువు ముగిసేదాకా ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. ప్రయాణం ఏ కారణంగానో ఏప్రిల్‌కు జరిగితే మాత్రం పెళ్లి నాటికి పాస్‌పోర్టు ఆఫీసులో చిక్కుకునే ప్రమాదం ఉంది. అప్పుడు పెళ్లి చూసుకునే వెళ్తానని గట్టిగా చెప్పండి.

ఇంకొక నిబంధన చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చైనాలో ఎక్కడ దిగినా 24 గంటల్లోగా ఆ చిరునామా పోలీసుల దగ్గర నమోదు కావాలి. హోటల్ అయితే వాళ్లే చేసేస్తారు. కంపెనీ డార్మిటరీ అయితే ఎవరు చేస్తారో ముందే అడిగి, ఆ కాగితం కాపీ ఒకటి మీ ఫోన్‌లో పెట్టుకోండి. అద్దె ఇల్లయితే ఆ పని మీదే. పెళ్లికి వచ్చి తిరిగి వెళ్లాక మళ్లీ చేయించాలా అని స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి, ఊరికో పద్ధతి నడుస్తుంది. రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తుకు మొదట అడిగే కాగితాల్లో ఇదొకటి.

ప్రయాణం సంగతి. 2020 నుంచి ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరు చివర మళ్లీ మొదలయ్యాయి, కోల్‌కతా నుంచి, ఆ తర్వాత ఢిల్లీ నుంచి, డోంగ్‌గువాన్‌కు దగ్గరి పెద్ద నగరమైన గ్వాంగ్‌జౌకు. మీకు దగ్గరైన చెన్నై నుంచి అయితే హాంకాంగ్ మీదుగానో, బ్యాంకాక్ మీదుగానో వెళ్లడం సులువు. హాంకాంగ్‌లో బయటికి వచ్చి రోడ్డు మీదో రైల్లోనో సరిహద్దుకు అవతలి చైనా నగరం షెన్‌జెన్ వైపు దాటేట్టయితే మనవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. డబ్బేమీ అక్కర్లేదు, కాకపోతే అది లేకుండా చెన్నైలో విమానమే ఎక్కనివ్వరు.

ఫోన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పర్సు, బస్ పాసు, ఆఫీసు ఐడీ అన్నీ ఫోనే. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడి నెట్‌వర్క్ మీద తెరుచుకోవు. అయితే మన సిమ్ రోమింగ్‌లో ఉంటే డేటా మన ఆపరేటర్ మీదుగానే వెళ్తుంది కాబట్టి వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది. రోమింగ్ ప్యాక్ ఖర్చు కంపెనీ చేత ఒప్పించండి. ఆ అడ్డు దాటి సైట్లు తెరిచే వీపీఎన్ యాప్ వేసుకోమని పదిమంది చెబుతారు. అనుమతి లేని వీపీఎన్ అక్కడ చట్టవిరుద్ధం, కంపెనీ పని మీద వెళ్లినవాడికి ఆ గోల ఎందుకు? రెండు సిమ్‌ల ఫోన్ తీసుకెళ్లి, ఒకదాంట్లో మన సిమ్ ఉంచండి (బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి), రెండోదాంట్లో అక్కడి సిమ్ వేసుకోండి. పాస్‌పోర్టు చూపిస్తే టెలికాం షాపులో ఇస్తారు.

మన వాట్సాప్ లాంటి వీచాట్ లేకపోతే అక్కడ పూట గడవదు. ఆ యాప్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది కాబట్టి ఇక్కడి ప్లే స్టోర్‌లో దొరకదు. అక్కడికి వెళ్లాక వాళ్ల అధికారిక సైట్ నుంచి వేసుకుని, చైనా నంబర్‌తో ఖాతా తెరవండి. కొత్త ఖాతాకు పాత వినియోగదారుడు ఒకరు కోడ్ స్కాన్ చేసి పూచీ ఇవ్వాల్సి వస్తుంది, మొదటి రోజే పక్క సీటు వాడితో ఆ పని కానిచ్చేయండి. డబ్బుకు అలీపే. మన బ్యాంకు ఇచ్చిన వీసా కార్డు గానీ మాస్టర్ కార్డు గానీ ఆ యాప్‌కు జోడించుకోవచ్చు. 200 యువాన్లు దాటిన చెల్లింపు మీద 3 శాతం పడుతుంది, కాబట్టి పెద్ద మొత్తాలు వీలైతే విడగొట్టండి. కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయించుకుని బయల్దేరండి. ఇంకా, గూగుల్ మ్యాప్స్‌ని అక్కడ నమ్మకండి, మీరు నిలబడిన చోటుకీ అది చూపించే చోటుకీ మధ్య వీధులకు వీధులు తేడా వస్తుంది. దానికి బదులు చైనా వాళ్ల సొంత మ్యాప్ యాప్ ఏమ్యాప్ (Amap) వాడండి.

అమ్మకు జవాబు. ఆవిడ విన్నది పూర్తిగా అబద్ధం కాదు. కప్పలు తింటారు, డోంగ్‌గువాన్ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో బజారులోనే బతికున్నవి అమ్ముతారు. పాముల సంగతైతే, 2020 ఫిబ్రవరిలో నేల మీద తిరిగే అడవి జంతువులను తినడం మీద దేశమంతటా నిషేధం పెట్టారు, పెంచినవైనా సరే. ఇది చెప్పి ఊరుకోకండి, ఆవిడకు దాని వల్ల ఏమీ ఊరట దొరకదు. మీ ప్లాంట్ దగ్గరి కూరగాయల సంత నుంచి ఫోటో ఒకటి పంపండి. బీరకాయ, కాకరకాయ, బూడిద గుమ్మడి, వంకాయ, మూరెడు పొడుగు అలసంద కాయలు, కట్టలు కట్టలుగా తూటికూర. మన వైపు చెరువు గట్టున పెరుగుతుంటే ఎవరూ పట్టించుకోని ఆ తూటికూరను వాళ్లు వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద నిమిషంలో వేయించి పెడతారు, అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. అన్నం కూడా జిగురు ముద్దలా ఉండదు, దక్షిణాదిన పొడవు గింజ బియ్యమే ఎక్కువ.

ఇబ్బంది వేరేచోట ఉంది. ఆకుకూర అని పెట్టిన దాంట్లో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల రసంతో చేసే సాస్, ఉంటుంది. టోఫూ (సోయా పనీర్) మీద ఖీమా చల్లుతారు. సూప్ నీళ్లు ఎముకలు మరిగించినవి. వంటవాడి దృష్టిలో అది మాంసం కూర కాదు, రుచికి కాస్త తగిలించడం. కాబట్టి "వో చీ సూ", అంటే నేను శాకాహారిని, అనే ఒక్క మాట సరిపోదు. మాంసం, చేప, రొయ్య వద్దు, పంది కొవ్వు వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, ఎముకల రసం వద్దు, గుడ్డు పరవాలేదు అని చైనీస్‌లో టైప్ చేయించి ఫోన్‌లో ఫోటోగా పెట్టుకోండి, క్యాంటీన్‌లో చూపించండి. టమాటా గుడ్డు కూర ప్రతి క్యాంటీన్‌లో ఉంటుంది, మిమ్మల్ని ఎక్కువ రోజులు బతికించేది అదే. పొద్దున చాంగ్‌ఫెన్ అని బియ్యప్పిండి జారుగా కలిపి పళ్లెంలో ఆవిరి పట్టి, రేకులా చుట్టి ఇస్తారు. గుడ్డు ఒక్కటే వేయమనండి. పైన పోసే సోయా రసం కాస్త తీపిగా ఉంటుంది, వేరే గిన్నెలో అడగండి.

గ్వాంగ్‌డాంగ్ వంటలో కారం ఉండదు. కానీ డోంగ్‌గువాన్, షెన్‌జెన్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లలో కారం బాగా తినే హునాన్, సిచువాన్ రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు బోలెడంత మంది, వాళ్ల హోటళ్లు ఫ్యాక్టరీ గేటు ఎదురుగానే ఉంటాయి. హునాన్ హోటల్లో పచ్చిమిరపకాయలు వేయించి పెట్టే కూర తింటే గుంటూరు వాళ్లకైనా చెమట పడుతుంది. గుడుల దగ్గర శాకాహార భోజనశాలలు ఉంటాయి. షెన్‌జెన్‌లో షియాన్‌హు బొటానికల్ గార్డెన్‌లోని హోంగ్‌ఫా గుడి దగ్గర, గ్వాంగ్‌జౌలో దాఫో గుడి దగ్గర నిశ్చింతగా తినొచ్చు. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండకపోవచ్చు, అది మనకు కొత్తేమీ కాదు.

ఇంటి నుంచి ఏం పట్టుకెళ్లాలి? కందిపొడి, కారప్పొడి, సాంబారు పొడి, ఆవకాయ, సీల్ వేసిన ప్యాకెట్లలో. నెయ్యి, నాన్‌వెజ్ పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పళ్లు వద్దు, పాల పదార్థాలు, మాంసం, తాజా ఆకులు కస్టమ్స్‌లో తీసేస్తారు. ముఖ్యంగా గసగసాలు. మసాలా పొడిలో కలిపి ఇస్తానని అమ్మ అంటే గట్టిగా వద్దనండి, నల్లమందు మొక్కకు సంబంధించినది ఏదీ అక్కడ వంటకు వాడకూడదు. డాక్టర్ రాసిన మందులుంటే చీటీతో సహా పెట్టుకోండి. కొడీన్ ఉన్న దగ్గు మందు అసలు వద్దు. పెరుగు అక్కడ ఎక్కువగా తియ్యగా అమ్ముతారు, చక్కెర లేనిది వెతికి ఒకసారి కొంటే దాన్నే తోడుగా వాడుకోవచ్చు. చిన్న రైస్ కుక్కర్ అక్కడే కొనండి, డార్మిటరీలో ఒప్పుకుంటారా లేదా కనుక్కున్నాక.

పని చోట కొన్ని కొత్తగా అనిపిస్తాయి. మధ్యాహ్నం భోజనం కాగానే ఆఫీసు లైట్లు ఆర్పేస్తారు. డెస్కు కింద నుంచి మడత మంచం లాగి, మెడకు దిండు పెట్టుకుని అందరూ పడుకుంటారు, మేనేజర్‌తో సహా. ఆ గంటా గంటన్నరలో ఫోన్ చేసి ఎవరినీ ఏమీ అడగకండి, మీరూ ఓ మంచం కొనుక్కోండి. లైన్ దగ్గరికి వెళ్లేముందు ఫోన్ కెమెరాకు స్టిక్కర్ అంటిస్తే విసుక్కోకండి, నోట్‌బుక్ పట్టుకెళ్లండి. భాష విషయంలో మాండరిన్ నేర్చుకోండి. స్థానికులు కాంటనీస్ మాట్లాడతారు కానీ లైన్ మీద ఉండేవాళ్లు నలుమూలల నుంచి వచ్చినవాళ్లు, వాళ్లందరికీ కలిసిన భాష మాండరినే. అంకెలు, ఎడమ, కుడి, ఆపు, మళ్లీ చేయి, వేడి, పాడైంది, ఇవి వస్తే మొదటి నెల గడిచిపోతుంది. మీరు అడిగినదానికి ఎవరూ మొహం మీద కుదరదు అనరు. "చూద్దాం" అన్నారంటే అది చాలాసార్లు కుదరదనే.

ఆదివారం ఎవరైనా టీ తాగుదాం రమ్మంటే తప్పక వెళ్లండి, పేరుకు టీ కానీ నిజానికి అది టిఫిన్ల విందు. కూర్చోగానే మొదటిసారి పోసిన వేడి టీతో గిన్నె, కప్పు, చాప్‌స్టిక్స్ కడిగి ఆ నీళ్లు మధ్యలో ఉన్న పెద్ద గిన్నెలో పారబోస్తారు. దాన్ని తాగేయకండి. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్లు మడిచి బల్ల మీద రెండుసార్లు తట్టాలి, అది వాళ్ల థాంక్స్. ఇంత చిన్న పనికే వాళ్లు ఎంత మురిసిపోతారో చూడండి, ఆ తర్వాత లైన్ మీద మీ సందేహాలకు వచ్చే జవాబులు కూడా మారతాయి.

మార్చిలో దిగితే వాతావరణం కాస్త చిరాకు పెడుతుంది. దక్షిణం నుంచి తేమ గాలి తిరిగివచ్చే రోజులవి, గోడలకు, అద్దాలకు, నేలకు చెమట పడుతుంది, బట్టలు ఆరవు. కిటికీలు మూసి ఉంచండి, తెరిస్తే ఇంకా ఎక్కువవుతుంది. జూన్ నుంచి తుఫాన్లు. రెడ్ సిగ్నల్ ఇచ్చారంటే ఆఫీసు మూసేస్తారు, 2025 సెప్టెంబర్‌లో రగాసా వచ్చినప్పుడు షెన్‌జెన్ మొత్తం మూతపడింది. నెల్లూరు జిల్లా వాళ్లకు తుఫాను గురించి నేను చెప్పక్కర్లేదు. ఒంట్లో బాగోకపోతే 120కి అంబులెన్స్, పోలీసుకు 110. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి అడుగుకూ ముందు డబ్బు కట్టాలి, అందుకే కంపెనీ ఇన్సూరెన్స్ అక్కడ చెల్లుతుందా అనేది ఆ ఈమెయిల్‌లోనే నాలుగో ప్రశ్నగా చేర్చండి. గ్వాంగ్‌జౌలో మన కాన్సులేట్ ఉంది, దాని నంబర్ భార్య దగ్గర కూడా ఉండాలి.

చివరికి మీ భార్య సంగతి. "వద్దనడం లేదు" అని రాసి మీరు ముందుకు వెళ్లిపోయారు. ఏడాది కిందట పెళ్లైన అమ్మాయి వద్దనకపోవడాన్ని ఒప్పుకోవడంగా తీసుకోకండి. తను ఎక్కడ ఉండబోతోంది, మీ ఇంట్లోనా, వాళ్ల ఇంట్లోనా, ఒక్కతేనా? ఈ ప్రశ్న ఎవరైనా తనని అడిగారా? నాకు అనుమానమే. ముందు అది మాట్లాడండి. మాట్లాడేటప్పుడు జీతం ఎంత పెరుగుతుందో మొదట చెప్పకండి, అది చెప్పాక ఇంకెవరూ కాదనలేరు.

కాలం విషయంలో మీకు కలిసొచ్చేవి రెండున్నాయి. చైనా మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు రాత్రి తొమ్మిదిన్నరకు గదికి చేరితే ఇక్కడ ఏడు, తను స్కూల్ నుంచి వచ్చి కాస్త కుదురుకున్న వేళ. రెండోది, స్కూళ్లకు వేసవి సెలవులు. చెల్లి పెళ్లికి మీరు వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు తనను కూడా రెండు మూడు వారాలకు తీసుకెళ్లొచ్చు. అక్కడ పనిచేసే విదేశీయుల కుటుంబ సభ్యులకు ఎస్ 2 వీసా ఇస్తారు. దానికి మీ రెసిడెన్స్ పర్మిట్ కాపీ, పెళ్లి సర్టిఫికెట్ కావాలి. మ్యారేజ్ రిజిస్ట్రేషన్ ఇంకా చేయించుకోకపోతే మార్చిలోపే చేయించండి. డార్మిటరీలో తనను ఉండనివ్వరు కాబట్టి ఆ వారాలకు సర్వీస్ అపార్ట్‌మెంట్ చూసుకోవాలి, తన పేరు కూడా 24 గంటల్లో నమోదు చేయించాలి. బిజినెస్ వీసా మీద వెళ్తే మీ దగ్గర రెసిడెన్స్ పర్మిటే ఉండదు, ఈ మార్గం కూడా మూసుకుపోతుంది. హెచ్‌ఆర్‌తో గట్టిగా మాట్లాడటానికి మీకు ఇంకో కారణం దొరికింది.

హెచ్‌ఆర్ నుంచి రాతలో జవాబు వచ్చేదాకా టికెట్లు కొనకండి. జవాబు గజిబిజిగా ఉంటే నాకు పంపండి, చూసి చెబుతాను.